ఇంప్లాంట్ బిగించిన తర్వాతి సంగతి ఎవరు చెప్పాలి?

సంపాదకుల వారికి,

అయ్యా,

ఊడిపోయిన పన్ను స్థానంలో ఇంప్లాంట్ పెట్టించుకోవడం గురించి పత్రికల ఆరోగ్య పుటల్లో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. దవడ ఎముకలోకి టైటానియం స్క్రూను ఎలా దింపుతారో, అది ఎముకతో కలిసిపోవడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఆ పైన క్యాప్‌ను ఎప్పుడు బిగిస్తారో అవి వివరంగానే చెబుతాయి. అయితే దాదాపు ప్రతి వ్యాసమూ క్యాప్ బిగించిన రోజుతో ముగిసిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పంటిని ఎవరు చూడాలి, ఏం చూడాలి, ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలి అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. ప్రకటనల సంగతి చెప్పనక్కరలేదు. ‘జీవితాంతం’ అన్న ఒక్క మాటతో అవి ఆ ప్రశ్నలు పుట్టకుండానే చేస్తాయి. చిగుళ్ల వ్యాధుల వైద్యురాలిగా నేను చూసే ఇంప్లాంట్ సమస్యల్లో ఎక్కువ భాగం ఆ వ్యాసాలు ఆగిపోయిన చోట మొదలైనవే కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంప్లాంట్ చుట్టూ వచ్చే జబ్బు చాలా కాలం వరకు నొప్పి పెట్టదు, అద్దంలో చూసుకుంటే కనబడదు. మొదటి రోజు కొలతను ఇవాళ్టి కొలతతో పోల్చి చూసినప్పుడే అది బయటపడుతుంది. అందువల్ల క్యాప్ బిగించిన రోజున తీసుకోవలసిన కొలతలూ ఎక్స్‌రే రోగి చేతిలో లేకపోతే, ఆ తర్వాత ఎన్నిసార్లు వైద్యుడికి చూపించుకున్నా ఆ పరీక్షకు ఉండవలసిన బలం సగం తగ్గిపోతుంది. ఈ విషయం రోగులకు చెప్పేవారు తక్కువ, అడిగే రోగులు మరీ తక్కువ.

‘పెట్టుడు పంటికి జబ్బేమిటి?’ అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో సగం నిజం ఉంది. టైటానియానికి పుచ్చు పట్టదు, లోపల నరం లేదు కనుక జివ్వుమని లాగదు. కానీ పుచ్చు అన్నది పంటికి వచ్చే జబ్బు. పళ్లు ఊడిపోవడానికి కారణమయ్యే రెండో జబ్బు, అంటే చిగుళ్లకూ ఎముకకూ వచ్చేది, పన్ను ఏ పదార్థంతో తయారైందన్నది చూడదు. పాచిలోని సూక్ష్మజీవులు సహజమైన పంటి మీద పేరుకున్నట్టే క్యాప్ అంచు మీదా, చిగురులోంచి పైకి వచ్చే లోహపు భాగం మీదా పేరుకుంటాయి. అక్కడ వాటి పని కొంత సులువవుతుంది కూడా. సహజమైన పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ నడుమ సన్నని నారపోగుల పొర ఒకటి ఉంటుంది. చిగురులోని పోగులు పంటి వేరు ఉపరితలంలోకి అడ్డంగా చొచ్చుకుపోయి, బయటి నుంచి లోపలికి దారి లేకుండా గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. చుట్టూ ఉన్న చిగురు పోగులు లోహంలోకి చొరబడలేక, దానికి సమాంతరంగానో చుట్టు తిరిగినట్టుగానో అమరుతాయి. పంటి చుట్టూ ఉన్న నారపొర నుంచి చిగురుకు అందే రక్త ప్రసరణ కూడా ఇక్కడ ఉండదు. అంటే కాపలా పలచబడిన చోట శత్రువు అంతే బలంతో ఉన్నాడన్నమాట.

ఆ నారపొర చేసే మరో పని స్పర్శ. పళ్ల మధ్య సన్నని ఇసుక రేణువు పడినా మనకు తెలిసేది దాని వల్లనే. ఇంప్లాంట్ మీద పడే ఒత్తిడి అంత సూక్ష్మంగా తెలియదు; క్యాప్ కాస్త ఎత్తుగా ఉండి కొరికిన ప్రతిసారీ అదనపు భారం మోస్తున్నా రోగికి అనుమానం రాకపోవచ్చు. కనుక ‘నాకేమీ ఇబ్బంది లేదు డాక్టర్ గారూ’ అనే మాటను సహజమైన పంటి విషయంలో నమ్మినంతగా ఇంప్లాంట్ విషయంలో నమ్మడానికి వీల్లేదు. ఇబ్బంది తెలియజేసే యంత్రాంగమే అక్కడ లేదు.

జబ్బు రెండు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో వాపు చిగురుకే పరిమితమై ఉంటుంది. చిగురు ఎర్రబడి, మెల్లగా తాకినా రక్తం కనబడుతుంది; ఎముక మాత్రం చెక్కుచెదరదు. దీన్ని పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు. పాచిని సరిగ్గా తొలగించి, మళ్లీ పేరుకోకుండా చూస్తే ఇది తగ్గిపోతుంది. ఉపేక్షిస్తే కొందరిలో అది ఎముక వరకూ వెళుతుంది. అప్పుడు దాని పేరు పెరి-ఇంప్లాంటైటిస్. ఈ దశలో స్క్రూ చుట్టూ ఎముక పళ్లెం ఆకారంలో కరిగిపోతూ వస్తుంది, లోహపు మరలు ఒక్కొక్కటే బయటపడతాయి, వాటి సందుల్లో పేరుకున్న పాచిని తీయడం వైద్యుడికి కూడా కష్టమవుతుంది. చికిత్స ఉంది కానీ పోయిన ఎముక పూర్తిగా తిరిగి వస్తుందని మాట ఇచ్చే వైద్యులను నేను నమ్మను. 2016లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనం ప్రకారం ఈ జబ్బు బారిన పడినవారిలో ఎక్కువ మందికి ఎముక కరగడం క్యాప్ పెట్టిన మూడేళ్లలోపే మొదలైంది. పైగా ఆ కరగడం ఒకే వేగంతో సాగక, కాలం గడిచేకొద్దీ వేగం పుంజుకుంది. ‘పదేళ్ల తర్వాత చూద్దాంలే’ అనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు.

అంకెల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పదేళ్ల తర్వాత కూడా 95 శాతానికి పైగా ఇంప్లాంట్లు నిలిచి ఉంటాయని ప్రకటనల్లో చదువుతుంటాం. అది అబద్ధం కాదు. అయితే ఆ లెక్కలో ‘నిలిచి ఉండటం’ అంటే నోట్లో ఉండటం మాత్రమే. చుట్టూ చీము పట్టి, సగం ఎముక పోయినా, ఊడి చేతికి రానంత వరకు అది ఆ 95లోనే లెక్కకు వస్తుంది. 2015లో అంతకుముందరి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష, ఇంప్లాంట్లు ఉన్నవారిలో సగటున 43 శాతం మందికి మొదటి దశ వాపు, 22 శాతం మందికి ఎముక దాకా వెళ్లిన జబ్బు ఉన్నట్టు అంచనా వేసింది. అధ్యయనానికీ అధ్యయనానికీ అంకెలు చాలా మారాయని కూడా ఆ సమీక్షే చెప్పింది, కనుక ఆ శాతాలను శిలాశాసనంగా తీసుకోనక్కరలేదు. కానీ రోగికి మొదటి అంకె మాత్రమే చెప్పి రెండోది దాచడం న్యాయం కాదు. ఆ రెండూ నిజాలే.

ఇప్పుడు అసలు పరీక్ష విషయానికి వస్తాను. చెకప్ అంటే నోరు తెరిపించి, లైటు వేసి, ‘బాగానే ఉంది’ అని పంపేయడం కాదు. ముందుగా చిగురు రంగు, వాపు, నొక్కితే చీము వస్తుందా అన్నవి చూడాలి. ఆ తర్వాత మిల్లీమీటర్ల గుర్తులున్న సన్నని ప్రోబ్‌తో ఇంప్లాంట్ చుట్టూ చిగురు లోతును పలు చోట్ల కొలవాలి. ప్రోబ్ దింపితే ఇంప్లాంట్ పాడవుతుందన్న భయం రోగుల్లోనే కాక కొందరు వైద్యుల్లో కూడా చాలా కాలం ఉండేది. తేలికపాటి ఒత్తిడితో, అంటే సుమారు 25 గ్రాముల బరువుకు మించకుండా కొలిస్తే ఏ హానీ లేదు, కొలవకపోవడమే హాని. 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్య సంఘాలు కలిసి నిర్వహించిన సదస్సు కూడా ప్రోబ్‌తో కొలవడం పరీక్షలో తప్పనిసరి భాగమని తేల్చింది. దాని వివరాలు 2018లో అచ్చయ్యాయి.

ఆ సదస్సు ఇచ్చిన నిర్వచనమే నా వాదనకు ఆధారం. రక్తం లేదా చీము రావడం, గతంలో కంటే లోతు పెరగడం, మొదట్లో సహజంగా జరిగే సర్దుబాటును మించి ఎముక తగ్గడం, ఈ మూడూ కలిస్తే పెరి-ఇంప్లాంటైటిస్ అని అది చెబుతుంది. ‘గతంలో కంటే’ అంటే గతం తెలిసి ఉండాలి. చిగురు మందంగా ఉన్న చోట స్క్రూను కొంచెం లోతుగా దింపి ఉంటే, ఏ జబ్బూ లేకుండానే 5 మిల్లీమీటర్ల లోతు ఉండవచ్చు. చిగురు పలచగా ఉన్న మరొకరిలో మొదటి రోజు 2 మిల్లీమీటర్లు ఉన్నది ఇప్పుడు 5 అయితే అది ప్రమాద సూచన. ఇద్దరి నోట్లోనూ ఇవాళ కనిపించే అంకె ఒకటే. ఒకరు నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు, రెండోవారికి చికిత్స మొదలుపెట్టాలి. ఆ తేడా చెప్పగలిగేది పాత కాగితం ఒక్కటే. పాత కొలతలు ఏవీ దొరకనప్పుడు, రక్తం లేదా చీము రావడంతో పాటు లోతు 6 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి, ఎముక 3 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి దిగిపోయి ఉంటే జబ్బు ఉన్నట్టు లెక్కించమని అదే సదస్సు చెప్పింది. అంటే ఆధారాలు లేని రోగి విషయంలో, జబ్బు బాగా ముదిరిన తర్వాత గానీ వైద్యుడు ధైర్యంగా పేరు పెట్టి చెప్పలేడు.

ఎక్స్‌రే విషయమూ అంతే. క్యాప్ పెట్టిన రోజున ఒకటి, ఏడాది గడిచాక ఒకటి తప్పనిసరి అని నా అభిప్రాయం. ఆ తర్వాత అవసరాన్ని బట్టి తీయవచ్చు. ఫిల్మును ఇంప్లాంట్‌కు సమాంతరంగా పెట్టి, స్క్రూ మరలు రెండు వైపులా స్పష్టంగా విడివిడిగా కనబడేలా తీసిన చిన్న ఎక్స్‌రే కావాలి. మరలు మసకగా కనిపించే ఎక్స్‌రేలో అర మిల్లీమీటరు తేడాను పట్టుకోవడం అసాధ్యం. దవడ మొత్తం ఒకే చిత్రంలో వచ్చే పెద్ద ఎక్స్‌రే స్థూలంగా చూడటానికి పనికి వస్తుంది గానీ ఈ పోలికకు చాలదు.

క్యాప్‌ను స్క్రూతో బిగించారా, సిమెంటుతో అతికించారా అన్నది కూడా రోగి తెలుసుకుని ఉండాలి. అతికించేటప్పుడు అదనపు సిమెంటు చిగురు కిందికి జారి గట్టిపడితే, పాచి పేరుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో, సిమెంటుతో అతికించిన క్యాపులున్న ఇంప్లాంట్లలో జబ్బు లక్షణాలు కనిపించిన వాటిని చిగురు కిందికి దిగే చిన్న కెమెరాతో పరీక్షించగా 81 శాతం వాటి దగ్గర మిగిలిపోయిన సిమెంటు కనబడింది. దాన్ని తీసేశాక వాటిలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా నయమయ్యాయి. అది చిన్న అధ్యయనమే అయినా, కొత్త క్యాప్ దగ్గర కొద్ది వారాల్లోనే చిగురు వాస్తే ‘మీరు సరిగ్గా తోముకోవడం లేదు’ అని రోగిని మందలించే ముందు వైద్యులు తాము అతికించిన చోటు ఒకసారి చూసుకోవడం మర్యాద.

ఎన్ని నెలలకొకసారి చూపించుకోవాలి అన్నదానికి అందరికీ ఒకే జవాబు లేదు. చిగుళ్లు ఆరోగ్యంగా ఉండి, ఇంట్లో శుభ్రత బాగున్నవారికి ఆరు నెలలకొకసారి సరిపోతుంది. గతంలో చిగుళ్ల జబ్బుతోనే పళ్లు పోగొట్టుకున్నవారు, పొగతాగేవారు, మధుమేహం అదుపులో లేనివారు మూడు నాలుగు నెలలకే రావాలి. చాలామంది ఇంప్లాంట్ వేయించుకోవడానికి కారణం పాత చిగుళ్ల జబ్బే కావడం ఇందులోని చిక్కు. పళ్లను ఊడగొట్టిన సూక్ష్మజీవులు మిగిలిన పళ్ల దగ్గర అలాగే ఉంటాయి, కొత్త పన్ను వాటికి పొరుగిల్లు అవుతుంది. కాబట్టి చెకప్‌లో ఇంప్లాంట్‌ను ఒక్కదాన్నే చూసి సరిపెట్టుకోకూడదు. క్రమం తప్పకపోతే ఏం లాభం అని అడిగేవారికి బ్రెజిల్‌లో జరిగి 2012లో అచ్చయిన అధ్యయనం ఒకటి చూపుతాను. అప్పటికే మొదటి దశ వాపు ఉన్న 80 మందిని ఐదేళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. క్రమంగా వైద్యుడి పర్యవేక్షణలో ఉన్నవారిలో 18 శాతం మందికి జబ్బు ఎముక దాకా వెళ్లింది. అలా రానివారిలో దాదాపు 44 శాతం మందికి వెళ్లింది. చూపించుకున్నవారిలో కూడా జబ్బు ముదిరినవారు ఉన్నారని గమనించాలి. చెకప్ రక్షరేకు కాదు. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం చిన్నది కాదు.

శుభ్రం చేసే పద్ధతి కూడా వేరు. సహజమైన పంటి మీది గారను తీసే మామూలు స్టీలు పనిముట్లతో టైటానియాన్ని గీకితే దాని మీద గీతలు పడి, ఆ గరుకుదనంలో పాచి మరింత సులువుగా పట్టుకుంటుంది. అందుకని ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్ లేదా టైటానియంతో చేసిన పనిముట్లు, కొనకు ప్లాస్టిక్ తొడుగు ఉన్న అల్ట్రాసోనిక్ పరికరాలు, గ్లైసిన్ లేదా ఎరిథ్రిటాల్ లాంటి మెత్తటి పొడిని గాలి నీటితో చిమ్మే యంత్రాలు వాడతారు. ‘క్లీనింగ్ చేయండి’ అని అడిగేటప్పుడు తమకు ఏ వైపు, ఎన్ని ఇంప్లాంట్లు ఉన్నాయో రోగి ముందే చెప్పడం మంచిది. కొత్త వైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు మరీ ముఖ్యం. మంచి క్యాప్‌ను చూసి అది ఇంప్లాంట్ అని పోల్చుకోవడం ఎక్స్‌రే లేకుండా మాకు కూడా ఒక్కోసారి కష్టమే.

ఇంట్లో చేసుకోవలసిన శుభ్రత గురించి పెద్ద రహస్యమేమీ లేదు. మెత్తటి కుచ్చుల బ్రష్‌తో రోజుకు రెండు సార్లు, చిగురూ క్యాపూ కలిసే గీత మీద దృష్టి పెట్టి తోముకోవాలి. ఇంప్లాంట్ మెడ సన్నగా, క్యాప్ వెడల్పుగా ఉంటుంది కనుక ఆ కింది వంపులోకి మామూలు బ్రష్ చేరదు. అక్కడికి చేరేది పళ్ల సందుల్లో వాడే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్. దాని లోపలి తీగకు ప్లాస్టిక్ పూత ఉండాలి, సందుకు తగిన సైజు ఉండాలి. ఆ సైజును దుకాణంలో ఊహించి కొనేకంటే వైద్యుడి దగ్గర ఒకసారి పెట్టి చూపించుకోవడం మేలు. ఫ్లాస్ వాడేవారు, లోహపు గరుకు భాగం ఇప్పటికే బయటపడి ఉంటే, జాగ్రత్త పడాలి. దాని పోగులు అక్కడ తెగి చిక్కుకుని వాపుకు కారణమైన సందర్భాలు నమోదయ్యాయి. నీటి ధారతో శుభ్రం చేసే పరికరం సాయపడుతుంది గానీ బ్రష్‌కు బదులు కాదు. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్‌ను వైద్యుడు చెప్పిన కొద్ది రోజులకే పరిమితం చేసుకోవాలి, నెలల తరబడి వాడితే పళ్లకు మరకలు పడతాయి, రుచి తెలియకుండా పోతుంది. తెల్లదనం కోసం అమ్మే గరుకు పొడుల జోలికి వెళ్లకపోవడమే మంచిది. మామూలు ఫ్లోరైడ్ పేస్టుతో ఇంప్లాంట్‌కు ముప్పు ఏమీ లేదు. మిగిలిన సహజమైన పళ్లకు అది అవసరం కూడా. ఆమ్ల గుణం ఎక్కువగా ఉన్న ఫ్లోరైడ్ జెల్ మాత్రం టైటానియం ఉపరితలాన్ని తినేయగలదు కనుక దాన్ని క్లినిక్‌లో పూసేటప్పుడు వైద్యులే చూసుకోవాలి.

క్యాప్ కదులుతుంటే చాలామంది ఇంప్లాంటే ఊడిపోతోందని భయపడతారు, లేదా ఏమీ కాదులే అని ఊరుకుంటారు. రెండూ సరికాదు. ఎక్కువ సందర్భాల్లో ఎముకలోని స్క్రూ కాక, పైభాగాన్ని దానికి పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ వదులై ఉంటుంది. దాన్ని వెంటనే బిగిస్తే సరిపోతుంది, అలాగే నమిలితే విరిగి లోపలే ఉండిపోతుంది. నిద్రలో పళ్లు నూరే అలవాటున్నవారు రాత్రి పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ చేయించుకోవాలి, చెకప్‌కు వచ్చినప్పుడు దాన్ని కూడా వెంట తెచ్చి చూపించాలి. దాని మీద పడిన అరుగుదల గుర్తులు మాకు చాలా చెబుతాయి.

ఇంప్లాంట్ల మీద తీసి పెట్టుకునే పళ్లసెట్టు ఉన్నవారికి లోపల ఉండే నైలాన్ రింగులు కాలక్రమేణా అరిగి పట్టు తప్పుతాయి, వాటిని మార్చాలి. సెట్టును రాత్రి తీసి శుభ్రం చేసుకుని విడిగా ఉంచాలి. దవడ మొత్తానికి కదలకుండా బిగించిన పళ్లవరస ఉన్నవారి పరిస్థితి ఇంకా సున్నితం. ఆ వరస అడుగు భాగం కంటికి కనబడదు, చిగురుకూ దానికీ మధ్య ఉన్న ఇరుకు సందులో రోజూ పాచి పేరుకుంటుంది. తయారు చేసేటప్పుడే ఆ సందులోకి బ్రష్ దూరేంత చోటు వదలకపోతే ఎంత శ్రద్ధ ఉన్నవారైనా ఏమీ చేయలేరు. అందం కోసం చిగురుకు పూర్తిగా ఆనించి చేయమని రోగులు అడుగుతారు, వైద్యులు ఒప్పుకుంటారు. అక్కడ ఒప్పుకోకూడదని నేను అంటాను.

శరీరంలో వచ్చే మార్పులు కూడా చెకప్‌లో చెప్పవలసినవే. మధుమేహం కొత్తగా బయటపడినా, ఎముకల బలానికి బిస్ఫాస్ఫొనేట్ లేదా డెనోసుమాబ్ మందులు మొదలుపెట్టినా ఆ సంగతి దంతవైద్యుడికి తెలియాలి, ఎందుకంటే ఆ మందులు వాడేవారిలో దవడ ఎముక మీద చేసే శస్త్రచికిత్స తర్వాత గాయం మానకపోయే ప్రమాదం ఉంది. ఆ మందులను సొంతంగా ఆపేయడం అంతకంటే ప్రమాదం. ఇద్దరు వైద్యులు మాట్లాడుకుని తేల్చవలసిన విషయమది.

అన్నిటికంటే తక్కువగా చర్చకు వచ్చేది వార్ధక్యం. 1965లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్రానెమార్క్ అనే శాస్త్రవేత్త టైటానియం ఇంప్లాంట్లు అమర్చిన తొలి రోగి నోట్లో అవి ఆయన 2006లో మరణించేవరకు పనిచేశాయి. నలభై ఏళ్లు నిలవగలవని దీన్ని తరచూ గొప్పగా ఉదహరిస్తారు, గొప్పే. అయితే యాభై ఏళ్ల వయసులో వేయించుకున్న ఇంప్లాంట్ నలభై ఏళ్లు నిలిచిందంటే ఆ మనిషికి తొంభై ఏళ్లు వచ్చాయని అర్థం. అప్పటికి చేతులు వణుకుతాయి, చూపు మందగిస్తుంది, పక్షవాతమో మతిమరుపో వచ్చి ఉండవచ్చు. ఆ నోటిని అప్పుడు శుభ్రం చేసేది కొడుకో, కోడలో, కూతురో, జీతానికి కుదిరిన సహాయకురాలో. వాళ్లకు ఆ నోట్లో ఏవి సొంత పళ్లో, ఏవి ఇంప్లాంట్లో, ఏది తీస్తే వస్తుందో, ఏది రాదో తెలియదు. రాని దాన్ని లాగి చూసేవారు, వచ్చే దాన్ని నెలల తరబడి తీయకుండా వదిలేసేవారు నాకు ఎదురుపడ్డారు. వారి తప్పేమీ లేదు, వారికి చెప్పినవారు లేరు. ఓపిక ఉన్న రోజుల్లోనే ఒక చెకప్‌కు ఇంట్లోవారిని వెంట తీసుకువెళ్లి, ఏ బ్రష్ ఎక్కడ వాడాలో వారి చేత చేయించి చూసుకోవడం అవసరం. శుభ్రత మరీ కష్టమైన దశ వస్తే, బిగించిన పళ్లవరసను తీసి పెట్టుకునే సెట్టుగా మార్చడం గురించి కూడా వైద్యుడితో మాట్లాడవచ్చు. పళ్లు నూరు శాతం నిలబెట్టుకోవాలన్న పట్టుదల కన్నా శుభ్రం చేయగలిగిన నోరు ఆ వయసులో ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక వైద్యులకూ పత్రికలకూ నా విన్నపం. క్యాప్ బిగించిన రోజున రోగి చేతికి ఒక కాగితం అందాలి. అందులో ఇంప్లాంట్ తయారీ సంస్థ పేరు, సైజు, పైన వాడిన భాగాల వివరాలు, క్యాప్ స్క్రూతో బిగించినదా సిమెంటుతో అతికించినదా అన్న సంగతి, ఆ రోజు కొలిచిన చిగురు లోతులు, ఆ రోజు ఎక్స్‌రే ప్రతి, తర్వాతి చెకప్ తేదీ ఉండాలి. తయారీ సంస్థ వివరాలు ఎందుకంటే ఒక సంస్థ స్క్రూకు మరో సంస్థ పనిముట్టు చాలాసార్లు పట్టదు. ఊరు మారిన రోగి క్యాప్ వదులైతే, అది ఏ రకమో తెలియక చిన్న మరమ్మతుకు కూడా పెద్ద కసరత్తు అవుతుంది. ఇప్పటికే ఇంప్లాంట్ ఉన్నవారు ఆ వివరాలను తమ వైద్యుడి దగ్గర అడిగి తీసుకోవచ్చు. అవి దొరకనివారు ఈ వారంలోనే మరో వైద్యుడి దగ్గర కొలతలు, ఎక్స్‌రే తీయించుకుంటే ఆ రోజునే మొదటి రోజుగా లెక్క పెట్టుకోవచ్చు, ఆలస్యమైనా పోలికకు ఒక మొదలు దొరుకుతుంది. యూరప్ చిగుళ్ల వైద్య సమాఖ్య 2023లో వెలువరించిన మార్గదర్శకాలు ఇంప్లాంట్ల నిర్వహణను చికిత్సలో భాగంగానే పరిగణించాయి. ఆ మాటను సామాన్య పాఠకుడికి అర్థమయ్యే భాషలో అందించడం పత్రికలు చేయగల పని. ఇకపై మీ పుటల్లో ఇంప్లాంట్ గురించి వ్యాసం వేసినప్పుడు, ఆ వ్యాసం రాసిన వైద్యులను పైన చెప్పిన కాగితం తమ రోగులకు ఇస్తున్నారా అని ఒక్క ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును వ్యాసంతో పాటే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
చిగుళ్ల వ్యాధుల వైద్యురాలు